గోధుమగడ్డి, బార్లీ ఆకు పొడి: మాత్రలు కొనాలా, ఇంట్లో చేసుకోవాలా?

గోదావరి_గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఇంట్లో పెద్దవాళ్ళకి యాంటీఆక్సిడెంట్ల కోసం గోధుమగడ్డి గానీ బార్లీ ఆకు గానీ మొదలుపెడదామని చూస్తున్నాం. మార్కెట్లో 500 మి.గ్రా. మాత్రలు, ఆకు పొడి, రసం పొడి అని మూడు రకాలు కనిపిస్తున్నాయి. ఒకదాని మీద ఎస్‌ఓడీ ఇన్ని యూనిట్లని, ఇంకోదాని మీద ఓరాక్ విలువ ఇంతని వేశారు. వీటిలో దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

ఇంట్లోనే పెంచితే రెండు ఇబ్బందులు వస్తున్నాయి. ట్రేలో నాలుగో రోజుకే తెల్లగా బూజులాంటిది పడుతోంది. ఆరబెట్టి పొడి చేస్తే మూడు వారాలకే పచ్చదనం పోయి ముదురు ఆలివ్ రంగుకి తిరిగి, ఎండుగడ్డి వాసన వస్తోంది. కిరాణా కొట్టులో కొన్న బార్లీ అయితే అసలు మొలకెత్తడమే లేదు. కారణం ఏమై ఉంటుంది?

ఇంకో ముఖ్యమైన సంగతి. నాన్నగారికి గుండె కవాటం మార్చారు, రోజూ అసిట్రోమ్ వేసుకుంటారు. ఆయనకి ఇవ్వొచ్చా?

---

మందుల_చీటీ

మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు. డాక్టరుగారిని అడక్కుండా నాన్నగారికి మొదలుపెట్టకండి.

అసిట్రోమ్, వార్ఫరిన్ రెండూ విటమిన్ కె పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. ముదురు పచ్చ ఆకు ఏదైనా విటమిన్ కె ఇస్తుంది, లేత గోధుమ ఆకు కూడా అంతే. రోజూ తినే మోతాదు ఉన్నట్టుండి పెరిగితే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష అంకె) పడిపోతుంది, కృత్రిమ కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం వస్తుంది. కొన్నాళ్ళు వాడి హఠాత్తుగా ఆపేస్తే ఐఎన్‌ఆర్ పైకి పోయి రక్తస్రావం కావచ్చు. రెండు వైపులా ప్రమాదమే.

3 గ్రాముల పొడిలో ఉండే విటమిన్ కె కన్నా ఒక గిన్నెడు పాలకూర పప్పులో ఉండేదే ఎక్కువ. అయినా జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఇక్కడ చూడాల్సింది మొత్తం ఎంత అన్నది కాదు, రోజూ ఒకేలా ఉందా లేదా అన్నది. డాక్టరుగారు ఒప్పుకుంటే రోజూ అదే కొలత, అదే బ్రాండు వాడాలి. వారం పది రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించి, అవసరమైతే మాత్ర మోతాదు సరిచేయించుకోవాలి. ఒకరోజు చెంచా, ఒకరోజు మూడు చెంచాలు, ఊరెళితే నాలుగు రోజులు మానేయడం లాంటివి ఆయన విషయంలో అస్సలు కూడదు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ విటమిన్ కె మీద పనిచేసేవి కావు. ఎపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ కూడా అంతే. వీటికి పైన చెప్పిన చిక్కు లేదు. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించమన్నవాళ్ళు మాత్రం, ముఖ్యంగా రసం తాగాలనుకుంటే, నెఫ్రాలజిస్టును అడగండి. చెంచా పొడితో వచ్చే పొటాషియం కొద్దే. రోజూ 100 మి.లీ. రసమంటే లెక్కలోకి వస్తుంది. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, గర్భిణులు పచ్చి రసానికి దూరంగా ఉండటమే మంచిది. ట్రేలో తడిగా, వెచ్చగా పెరిగిన ఆకును ఉడికించకుండా తాగుతున్నాం కాబట్టి బ్యాక్టీరియా భయం నిజమైనదే.

---

ఆహార_రసాయనం

లేబుళ్ళ సంగతి చెప్తాను. ఈ రంగంలో జనాన్ని ఎక్కువగా తప్పుదోవ పట్టించేవి ఆ అంకెలే.

ఎస్‌ఓడీ అంటే సూపరాక్సైడ్ డిస్మ్యుటేస్ అనే యాంటీఆక్సిడెంట్ ఎంజైము. లేత ఆకులో ఉండే మాట నిజమే, ప్రయోగశాలలో కొలిస్తే యూనిట్లూ వస్తాయి. అయితే అది ఒక ప్రోటీను. రాగి, జింకు ఉండే రకం అణుభారం దాదాపు 32,000. కడుపులో ఆమ్లమూ పెప్సినూ కలిసి దాన్ని కూడా పప్పులోని ప్రోటీనులాగే ముక్కలు చేస్తాయి. పూత వేసిన మాత్రతో కడుపు దాటించినా, అంత పెద్ద అణువు పేగు గోడ దాటి చెక్కుచెదరకుండా రక్తంలోకి చేరడం జరిగే పని కాదు. ఖర్బూజా నుంచి తీసిన ఎస్‌ఓడీని గోధుమలోని గ్లయడిన్‌తో కప్పి అమ్మే ఉత్పత్తి ఒకటి వచ్చిందీ ఈ కారణంగానే, మామూలుగా మింగితే నిలవదని. కాబట్టి "ఎస్‌ఓడీ ఇన్ని వేల యూనిట్లు" అని చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఓరాక్ అనేది యాంటీఆక్సిడెంట్ శక్తికి పరీక్షనాళికలో చేసే కొలత. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఆహార పదార్థాల ఓరాక్ పట్టిక ప్రచురించేది. ఆ విలువలకీ శరీరంలో జరిగేదానికీ సంబంధం చూపలేమని, కంపెనీలు వాటిని ప్రచారానికి వాడుకుంటున్నాయని 2012లో దాన్ని వెబ్‌సైటు నుంచి తీసేసింది. ఇంకా ఆ అంకె వేసుకునే డబ్బా మీద నాకు నమ్మకం తక్కువ.

మరి ఈ ఆకులో నిజంగా ఉన్నదేమిటి? ల్యూటిన్, బీటా కెరోటిన్, ఫోలేట్, విటమిన్ ఇ, విటమిన్ కె, తాజా ఆకు అయితే విటమిన్ సి. వీటితోపాటు ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల యాంటీఆక్సిడెంట్లు. బార్లీ ఆకులో సాపోనరిన్, లుటోనరిన్ అనే రెండు ముఖ్యం, బార్లీకి ఉన్న పేరులో పెద్ద వాటా వీటిదే. వీటిలో చక్కెర భాగం కర్బన బంధంతో అతుక్కుని ఉంటుంది. చిన్నపేగు ఎంజైములు దాన్ని తెంచలేవు. అందుకని చాలా భాగం పెద్దపేగు దాకా వెళ్ళి అక్కడి బ్యాక్టీరియా చేతిలో మారుతుంది. శరీరానికి అందేది కొద్దిగానే.

ఇక ఆకు పొడి, రసం పొడి తేడా. ఆకును ఆరబెట్టి, పీచుతో సహా దంచితే ఆకు పొడి. రసం తీసి, నీరు తొలగించి ఎండబెడితే రసం పొడి. జపాన్‌లో హగివారా యోషిహిదే అనే ఆయన బార్లీతో మొదలుపెట్టి ప్రచారంలోకి తెచ్చింది ఈ రెండో పద్ధతినే. అమెరికాలో 1930లలో చార్లెస్ ష్నాబెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మొదట కోళ్ళకి పెట్టి, తరవాత మనుషులకి అమ్మించింది ఎండబెట్టిన ఆకు. ఖరీదులో తేడా ఎందుకో లెక్క వేసి చూడండి. కిలో ఆకు నుంచి 600–700 మి.లీ. రసం వస్తుంది, అందులో ఘనపదార్థం నూటికి ఐదారు పాళ్ళే. అంటే కిలో రసం పొడికి 20 కిలోలకు పైగా పచ్చి ఆకు కావాలి. అందువల్ల చౌకగా దొరికే రసం పొడి పదార్థాల జాబితాలో మాల్టోడెక్స్‌ట్రిన్ ఉందేమో తప్పకుండా చూడండి. ఎండబెట్టేటప్పుడు కొంత కలపడం మామూలే, కానీ అది జాబితాలో మొదటి పేరుగా ఉంటే మీరు కొంటున్నది ఎక్కువ భాగం పిండిపదార్థమే.

500 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండంటే 1 గ్రాము ఎండు ఆకు. పచ్చి ఆకు లెక్కన 8–10 గ్రాములు, అంటే వేళ్ళ మధ్య పట్టేంత. అదే ఖర్చుకి తోటకూర, మునగాకు, పాలకూర ఎన్ని కట్టలొస్తాయో మీరే చూసుకోవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార కూర్పు పట్టికల్లో మన ఆకుకూరల ల్యూటిన్, కెరోటిన్ విలువలు విడివిడిగా ఉన్నాయి. ఒకసారి తిరగేయండి. గోధుమగడ్డి వద్దని నేను అనను, అదీ మంచి ఆకే. ఆకుకూర తినే ఇంట్లో అది తెచ్చే అదనపు లాభం మాత్రం చిన్నది.

డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) 14 అంకెల లైసెన్సు, మందుగా వాడకూడదనే హెచ్చరిక ఉండాలి. షుగరు, క్యాన్సరు నయమవుతాయని రాసి ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. అలాంటి ప్రకటనలు మాయమందుల ప్రచారాన్ని అడ్డుకునే 1954 చట్టం ప్రకారం నిషిద్ధం.

---

మిద్దె_సాగు

పెంపకం సంగతి నేను చెప్తాను. కిరాణా బార్లీ మొలవకపోవడానికి కారణం తేలిక. కాచి తాగడానికి అమ్మే తెల్ల బార్లీ పైపొట్టు గీకేసినది, దాంతోపాటు మొలక భాగం కూడా దెబ్బతింటుంది. పొట్టుతో ఉన్న గింజలు కావాలి. ఆయుర్వేద సరుకుల కొట్లలో యవలు అని అడిగితే దొరుకుతాయి. ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో పెట్టి చూడండి. పదహారు, పదిహేడు మొలిస్తే కొనొచ్చు.

గోధుమలైనా బార్లీ అయినా తినే సరుకే తీసుకోండి. విత్తనాల షాపులో ఇచ్చేవాటికి శిలీంధ్రనాశిని పట్టించి ఉంటారు, గులాబీ రంగో ఎరుపు రంగో కనిపిస్తుంది. వాటిని కడిగినా సరే, ఈ పనికి వాడకూడదు.

ఇక ఆ తెల్లటిది. నాలుగో రోజు కనిపించేది అన్నిసార్లూ బూజు కాదు. వేరు చుట్టూ సన్నని నూగులా, అన్ని మొలకలకీ ఒకేలా ఉండి, నీళ్ళు చిలకరించగానే వేరుకి అంటుకుని కనిపించకుండా పోతే అది వేరు నూగు. భయం లేదు. గింజ నుంచి గింజకి సాలెగూడులా అల్లుకుని, బూడిద రంగో నీలం ఛాయో ఉండి, ముక్కిపోయిన వాసన వస్తే అది బూజు. ఆ ట్రే మొత్తం పారేయాలి. పైపైన తీసేసి మిగతాది కోసుకోవడం కూడదు.

బూజుకి మూలం దాదాపు ఎప్పుడూ ఒత్తుగా చల్లడమే. వీడియోల్లో చదరపు అడుగుకి 250–300 గ్రాముల గింజలు పోస్తారు. అది చల్లటి దేశాల కొలత. రాజమండ్రి గాలిలో 150 గ్రాములు దాటొద్దు. గింజ మీద గింజ పడకూడదు. విరిగిన గింజలు ముందు కుళ్ళి మిగతావాటికి అంటిస్తాయి, అందుకని జల్లించి, నీళ్ళలో తేలినవి తీసేయండి.

గింజలు మూడుసార్లు కడిగి 8–10 గంటలు నానబెట్టండి. ఎండాకాలమైతే మధ్యలో నీళ్ళు మార్చాలి, లేకపోతే పులుస్తాయి. వడకట్టి గుడ్డలో మూటగట్టి 12–18 గంటలు ఉంచితే తెల్ల మోసు రెండు మూడు మిల్లీమీటర్లు వస్తుంది. అంతకన్నా పొడుగు కానివ్వకండి, చల్లేటప్పుడు విరుగుతుంది. అడుగున కన్నాలున్న ట్రేలో అంగుళంన్నర మందాన కొబ్బరి పొట్టు రెండు వంతులు, వర్మికంపోస్టు ఒక వంతు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు నీళ్ళు మార్చి పిండి వాడాలి. చల్లాక ఇంకో ట్రే బోర్లించి రెండు రోజులు చీకట్లో ఉంచి, మొలక రెండంగుళాలు లేవగానే తీసేయండి. అక్కణ్ణించి నీళ్ళు పైన చిలకరించకుండా, కింద ఇంకో పళ్ళెంలో పోసి పీల్చుకోనివ్వాలి. పొద్దున ఒక్కసారే పోసి, పది నిమిషాల తరవాత మిగిలింది పారబోయండి. సాయంత్రం పోసిన నీళ్ళే రాత్రంతా నిలిచి బూజు పట్టిస్తాయి. గాలి కదలాలి, చిన్న ఫ్యాను సరిపోతుంది.

వంటగది కిటికీ కన్నా మిద్దె మీద పొద్దుటి ఎండ మేలు. ఆహార_రసాయనం గారు చెప్పిన ఫ్లేవనాయిడ్లు ఆకు తనను అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకోవడానికి చేసుకునేవే. నీడలో పెరిగిన ఆకులో అవి తగ్గుతాయి. మధ్యాహ్నం ఎండకి మాత్రం 50 శాతం నీడ వల కట్టండి. ఇది 18–24 డిగ్రీల పంట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గోదావరి జిల్లాల్లో దీనితో కుస్తీ పట్టడం కన్నా మునగాకు ఎండబెట్టుకోవడం నయం. బార్లీ అయితే వేడికి ఇంకా ముందే లొంగుతుంది.

కోత గురించి ఒక గందరగోళం ఉంది. కణుపు కట్టే ముందు కోస్తే పోషకాలు ఎక్కువని రాస్తారు. అది నిజమే కానీ పొలంలో వారాల తరబడి పెరిగిన పైరుకి చెప్పిన మాట. అక్కడ కాండం మొదలు చీల్చి చూస్తే మొదటి కణుపు చిన్న బుడిపెలా తగులుతుంది, అది పైకి లేవకముందే కోస్తారు. మన ట్రేలో ఎనిమిది, పది రోజుల్లో ఆ దశ రాదు. ఆరేడు అంగుళాల ఎత్తులో రెండో ఆకు మొన కనిపించినప్పుడు, గింజకి ఒక సెంటీమీటరు పైన కత్తెరతో కోయండి. సాయంత్రం కోత మంచిది. పగలంతా వెలుతురు తగిలాక ఆకులో నైట్రేట్ తగ్గి ఉంటుంది. నైట్రేట్ పెరుగుతుందనే యూరియా నీళ్ళు పోయడం వద్దంటాను. రెండో కోత వస్తుంది గానీ పలచన, అప్పటికి అడుగున గింజలు కుళ్ళడం మొదలవుతుంది. ఒక్క కోతతో ఆపేయండి.

చదరపు అడుగుకి 150 గ్రాముల పచ్చి ఆకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. 30 మి.లీ. రసానికి 50 గ్రాములు పడుతుంది. పొడి చేస్తే 15–20 గ్రాములే.

---

గోదావరి_గట్టు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండీ. నాన్నగారికి ప్రస్తుతానికి ఇవ్వం, కార్డియాలజిస్టును అడిగాకే. పొడి రంగు మారడం గురించి ఎవరైనా చెప్తారా? ఇంకోటి, దీన్ని "గ్రీన్ బ్లడ్" అంటూ రక్తం పెంచుతుందని, తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తహీనత జబ్బు) పిల్లలకి మంచిదని ఒక కరపత్రంలో చూశాను. అందులో నిజమెంత?

---

నీడ_పందిరి

రంగు మారడానికి మూడు దారులున్నాయి, మీకు బహుశా మూడూ కలిసే జరుగుతున్నాయి.

ఒకటి, ఆరడం ఆలస్యం. కోసిన ఆకులో ఎంజైములు బతికే ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజున నీడలో పరిస్తే రెండు మూడు రోజులు మెత్తగానే ఉండిపోతుంది. ఈలోగా ఆకులోని కొవ్వులు ఆక్సీకరణ చెంది ఎండుగడ్డి వాసన పుడుతుంది. రెండు, వేడి, ఆమ్లం. పత్రహరితం అణువు నడుమ మెగ్నీషియం ఉంటుంది. ఆకు కణాలు చితికినప్పుడు వాటిలోని ఆమ్లాలు వేడి తోడైతే ఆ మెగ్నీషియాన్ని తోసేస్తాయి. మిగిలేది ఫియోఫైటిన్, దాని రంగే ఆ ఆలివ్. మూడు, వెలుతురు. పారదర్శకమైన సీసాలో వంటగది గట్టు మీద పెడితే పత్రహరితం, కెరోటిన్ రెండూ వెలిసిపోతాయి. ఇదే కారణంతో నేరుగా ఎండలో కూడా ఆరబెట్టకూడదు.

కోసిన గంటలోపు కడిగి, గుడ్డ మీద తడి ఒత్తి, రెండు సెంటీమీటర్ల ముక్కలు చేయండి. పలచగా ఒకే పొరగా పరిచి, డీహైడ్రేటర్లో 45 డిగ్రీల దగ్గర 6–8 గంటలు ఉంచాలి. మామూలు ఓవెన్ అత్యల్ప వేడి కూడా చాలావాటిలో 60 దాటుతుంది, అది పనికిరాదు. డీహైడ్రేటర్ లేకపోతే వర్షం లేని పొడి రోజునే పెట్టుకుని, వల మీద పరిచి, ఫ్యాను గాలి కింది నుంచీ పై నుంచీ ఆడేలా చూడండి. ఒక రోజులో ఆరకపోతే ఆ పొడి నిలవ ఉండదు.

ఆకు వంచితే టక్కున విరగాలి. ముందుగా సన్నటి మొనలు విరిగి మోసం చేస్తాయి, మొదలు దగ్గరి తెల్లటి భాగం విరిగేదాకా ఆగండి. మిక్సీలో పది సెకన్లు తిప్పి ఆపి, మళ్ళీ తిప్పాలి. మిక్సీ జార్ వేడెక్కితే అక్కడే రంగు పోతుంది. జల్లించి, సిలికా జెల్ పొట్లం వేసి సీసా మూసి ఒక రోజు ఉంచండి. పొడి ఉండ కడితే తేమ ఉన్నట్టే, మళ్ళీ అరగంట ఆరబెట్టాలి. ముదురు రంగు సీసాలో నిండుగా పోసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు నెలలు బాగుంటుంది. రోజువారీ వాడకానికి కొంచెం విడిగా తీసుకోండి. చల్లటి సీసా పదేపదే తెరిస్తే తేమ లోపల పేరుకుంటుంది.

నేనైతే ఆరబెట్టే ముందు 60–90 సెకన్లు ఆవిరి పట్టించి వెంటనే చల్లటి నీళ్ళలో ముంచమంటాను. ఎంజైములు చచ్చిపోయి రంగు, వాసన నిలుస్తాయి, సూక్ష్మజీవులూ తగ్గుతాయి. 45 డిగ్రీల ఆరబోత వాటిని చంపదని గుర్తుంచుకోండి.

---

ఆహార_రసాయనం

ఆవిరి విషయంలో నీడ_పందిరి గారితో సగమే ఏకీభవిస్తాను. నిలవ కోసం చేసే పొడికి అది సరైన పని. వారంలో వాడేసే కొద్ది మొత్తానికి అవసరం లేదు. విటమిన్ సి, ఫోలేట్ కొంత నీళ్ళపాలవుతాయి. పట్టిస్తే ఆవిరే పట్టించండి, మరిగే నీళ్ళలో వేయకండి. ఆ తరవాత నీళ్ళలో ముంచడానికి బదులు ఫ్యాను గాలికి చల్లార్చినా చాలు.

"గ్రీన్ బ్లడ్" మాటకి ఆధారం లేదు. పత్రహరితం, హీమోగ్లోబిన్‌లోని హీమ్ చూడటానికి ఒకే తరహా వలయాలు, ఒకదాని నడుమ మెగ్నీషియం, ఇంకోదానిలో ఇనుము. అంతమాత్రాన మన శరీరం ఒకదాన్ని ఇంకోదానిగా మార్చుకోదు. హీమ్‌ను శరీరం గ్లైసిన్ వంటి చిన్న అణువులతో సొంతంగా కట్టుకుంటుంది. కొన్ని కరపత్రాల్లో ఇందులో 70 శాతం పత్రహరితమే అంటారు. ఎండు ఆకులో అది నూటికి ఒక వంతు ప్రాంతంలో ఉంటుంది.

తలసీమియా మీద మన దేశంలోనే పని జరిగింది. 2004లో చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి బృందం రోజుకు 100 మి.లీ. రసంతో చిన్న ప్రాథమిక అధ్యయనం ప్రచురించింది. లెక్కకి వచ్చిన 16 మందిలో 8 మందికి రక్తమార్పిడి అవసరం నాలుగో వంతుకు పైగా తగ్గిందన్నారు. పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. కరపత్రాలన్నీ చూపించేది దీన్నే. తరవాత 2009లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మాత్రలతో చేసి, రక్తమార్పిడి అవసరం తగ్గలేదని రాశారు. ఆ రెండోది ఎవరూ చూపించరు. పిల్లలకి రక్తం ఎక్కించడం, ఇనుము తగ్గించే మందులు వేయడం దీన్ని నమ్ముకుని ఒక్క వారమైనా వాయిదా వేయకూడదు. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు పుండ్ల జబ్బు) మీద ఇజ్రాయెల్‌లో 2002లో 23 మందితో నెల రోజులు చేసిన పరిశీలనలో రసం తాగినవాళ్ళకి కొంత ఉపశమనం కనిపించింది. అదీ చిన్నదే, మందులకు తోడుగా చూడాల్సిందే.

కొన్న పొడిలో రంగు కలిపారేమో చూడాలంటే చల్లటి నీళ్ళలో చిటికెడు వేయండి. పత్రహరితం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అసలు పొడి కాసేపు తేలి, మెల్లగా కిందికి దిగి, పైన నీరు లేత పసుపుపచ్చగా ఉంటుంది. నీరు వెంటనే చిక్కటి నీలిపచ్చగా, తేటగా మారితే నీళ్ళలో కరిగే రంగు కలిపారని అనుమానించాలి. ఇంకో పరీక్ష ఉంది. రంగులేని హ్యాండ్ శానిటైజర్ ద్రవంలో పొడి కలిపి వడకట్టి, దొంగనోట్లు పట్టే అతినీలలోహిత టార్చి చీకట్లో వేయండి. అసలు పత్రహరితం ఎర్రగా వెలుగుతుంది. రాగి కలిసిన కృత్రిమ పచ్చరంగు అలా వెలగదు. పాతబడి ఆలివ్ రంగుకి తిరిగిన పొడి కూడా ఎర్రగానే వెలుగుతుంది కాబట్టి ఇది కల్తీకే పరీక్ష, తాజాదనానికి కాదు.

వాడకం: అర చెంచాతో మొదలుపెట్టి వారంలో 3 గ్రాముల దాకా, అంటే తల కొట్టిన ఒక టీ చెంచా. ఖాళీ కడుపున చాలామందికి వికారం వస్తుంది. ల్యూటిన్, కెరోటిన్ ఒంటపట్టడానికి కాస్త నూనె గానీ నెయ్యి గానీ కావాలి, కనక భోజనంతోపాటు తీసుకోండి. వేడి నీళ్ళలో వేయకండి. మజ్జిగలో కలిపితే వెంటనే తాగేయాలి, పులుపుకి రంగు తిరుగుతుంది.

---

మిద్దె_సాగు

గోధుమ గ్లూటెన్ పడనివాళ్ళ గురించి ఎవరూ అనలేదు. గ్లూటెన్ అనే ప్రోటీను గింజలో ఉంటుంది, ఆకులో ఉండదు. కానీ ట్రే నుంచి పీకితే వేరుతో గింజ కూడా వస్తుంది, కిందికంటా కోసినా గింజ ముక్కలు పడతాయి. సీలియాక్ (గ్లూటెన్ పడని పేగు జబ్బు) ఉన్నవాళ్ళు ఇంటి పొడి వాడొద్దు. కొంటే గ్లూటెన్ కిలోకి 20 మి.గ్రా. లోపు అని పరీక్షించి రాసిన డబ్బానే కొనాలి. ఆ హామీ లేకపోతే మునగాకు పొడితో సరిపెట్టుకోవచ్చు.